ఇంటి పర్మిషన్‌కు జాగ కొలిపించడం: పైసలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

హన్మకొండలో ఇల్లు కట్టుకుందామని బయల్దేరినవాళ్లు సిమెంటు బస్తా ఎంత, స్టీలు టన్ను ఎంత, మేస్త్రీ చదరపు అడుగుకు ఎంత అడుగుతున్నాడు అని పది మందిని అడుగుతారు. జాగ కొలిపించడానికి ఎంతవుతుందని మాత్రం ఎవరూ అడగరు, ఇంజినీర్ ఏదో చూసుకుంటాడులే అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నా, 2023లో. హసన్‌పర్తి వైపు మాకు 200 గజాల ప్లాట్ ఉంది, డాక్యుమెంట్‌లో 30 అడుగులు, 60 అడుగులు అని శుభ్రంగా రాసుంది. ప్లాన్ గీసే ఆఫీసువాళ్లు ఒక మనిషిని పంపారు, ఆయన టేపు పట్టుకొని వచ్చి తుమ్మచెట్ల మధ్య పావుగంట తిరిగి 1,500 తీసుకొని పోయాడు. కాగితం మీద 30 ఇంటూ 60 వచ్చింది. రాకేం చేస్తుంది, డాక్యుమెంట్ చూసే గీశారు కదా.

మేస్త్రీ ముగ్గు పోయడానికి దారాలు కట్టిన రోజు పక్క ప్లాట్ కాక వచ్చి నిలబడ్డాడు. "తమ్మీ, నువ్వు కట్టిన దారం నా జాగల ఉన్నది. కడీ ఇది కాదు, గా చెట్టు మొదట్ల సూడు" అన్నాడు. పొదలు నరికి చూస్తే నిజమే, సగం మట్టిలో కూరుకుపోయిన రాతి కడీ ఒకటి అక్కడ కనిపించింది. ఆ రోజు పని ఆగింది. తర్వాత టోటల్ స్టేషన్‌తో, అంటే స్టాండ్ మీద పెట్టి దూరాలు, కోణాలు కొలిచే మిషన్‌తో, కొలిపిస్తే నా ముందు వెడల్పు 29 అడుగుల 3 అంగుళాలు. 9 అంగుళాలు ఎంతలే అనిపిస్తుంది గానీ, 60 అడుగుల పొడవునా లెక్కేస్తే 5 గజాలు పోయినట్టు.

ఈ ముచ్చట ఎందుకంటే, సర్వే ఖర్చు గురించి ఎవరు అడిగినా నేను ఈ లెక్కే చెప్తా. టేపు సర్వే 1,500, టోటల్ స్టేషన్ సర్వే 5,000, ప్లాన్ మళ్లీ గీసినందుకు 3,000, మార్కింగ్‌కు ఇంకోసారి వచ్చినందుకు 2,000. మొత్తం 11,500. మొదటే సరిగ్గా చేయించి ఉంటే 7,000తో అయిపోయేది. 4,500 పెద్ద లెక్క కాదు, కానీ నెలన్నర ఆలస్యం, మేస్త్రీ వేరే పనికి పోవడం, ఇంట్లో రోజూ టెన్షన్, వాటికి రసీదు ఉండదు.

కాబట్టి మొదటి మాట: ఏ సర్వేకైనా పైసలు ఇచ్చేముందు, మీ జాగకు అసలు ఏ సర్వేలు కావాలో తేల్చుకోండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, లేదా చాలా తక్కువ. ఈసీ (జాగ మీద అప్పులు, పాత రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీయండి, లింక్ డాక్యుమెంట్లు (జాగ చేతులు మారిన పాత కాగితాలు) ముందేసుకోండి, సర్వే నంబర్ 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి, లేఅవుట్ అయితే ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్, ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్‌ను క్రమబద్ధీకరించే ఫీజు) కట్టారా చూడండి. ఎల్‌ఆర్‌ఎస్ లేని ప్లాట్‌కు పర్మిషన్ అడిగితే ఓపెన్ స్పేస్ కింద జాగ విలువలో 14 శాతం పడుతుంది, దాని ముందు సర్వే ఖర్చు దండుగ లెక్కే కాదు. ఆ తర్వాత కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ఆఫీసుకో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కో పోయి మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు వెడల్పు ఎంత చూపించారో అడగండి. మోక మీద, అంటే నేల మీద, 25 అడుగుల రోడ్డు ఉండి ప్లాన్‌లో 40 ఉంటే మీ జాగ ముందు నుంచి కోత పడుతుంది, ఇంటి కొలతలన్నీ ఆ కోసిన గీత నుంచే మొదలవుతాయి. ఇది తెలియకుండా గీయించిన ప్లాన్ చిత్తు కాగితమే.

ఇప్పుడు కొలతల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే అసలు పైసలు ఆదా అయ్యేదీ పోయేదీ ఇక్కడే. 2020 చివర్లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతి వచ్చినప్పటి నుంచి 500 చదరపు మీటర్ల లోపు జాగ, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే పర్మిషన్ ఇస్తున్నారు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు, అంటే మామూలు ఇళ్లన్నీ ఇందులోకే వస్తాయి. 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు లోపు అయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 2025లో బిల్డ్‌నౌ అని కొత్త పోర్టల్ వచ్చింది, అది ప్లాన్ డ్రాయింగ్‌ను కంప్యూటరే చదివి రూల్స్‌కు సరిపోతుందో లేదో చెప్తుంది. వినడానికి సుఖంగానే ఉంది. కానీ కంప్యూటర్ మీ జాగకు వచ్చి కొలవదు, మీరు ఇచ్చిన గీతలే చదువుతుంది. గీత తప్పయితే పర్మిషన్ కూడా తప్పు గీత మీదే వస్తుంది, సంతకం మీది కాబట్టి బాధ్యత కూడా మీదే. సొంత ధ్రువీకరణలో తప్పు చెప్పి కట్టారని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం చట్టంలోనే ఉంది. వెనకటి రోజుల్లో ఎవరో ఒక ఆఫీసర్ వచ్చి చూసి ఆపేవాడు, ఇప్పుడు ఆ చూసుకునే పని మన నెత్తిన పడింది.

9 అంగుళాలతో ఏమవుతుందో చూడండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగలో ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు చొప్పున వదలాలి. మా 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. 30 అడుగుల వెడల్పులో రెండు పక్కలా మీటరు చొప్పున తీసేస్తే ఇంటికి మిగిలేది 23 అడుగుల 5 అంగుళాలు. గోడల మందం కూడా అందులోనే. దాంట్లోంచి ఇంకో 9 అంగుళాలు పోతే పిల్లల గదిలో మంచం, బీరువా రెండూ పట్టని పరిస్థితి వచ్చింది మాకు, మెట్లు జరపాల్సి వచ్చింది, మెట్లు జరిగితే వాస్తు అని మా అత్తగారు, అది వేరే కథ.

మరి ఆ 9 అంగుళాలు ఎక్కడికి పోయాయి? రెండోసారి వచ్చిన సర్వేయర్ చేసిన పని నాకు అక్కడే నచ్చింది. ఆయన నా ప్లాట్ దగ్గర మిషన్ పెట్టనేలేదు. సందు మొదట్లో, మూల ప్లాట్ దగ్గరున్న లేఅవుట్ రాయి వెతికి, అక్కడ మూడు కాళ్ల స్టాండ్ వేసి, ప్రిజం కర్ర పట్టుకున్న పిలగాన్ని ఒక్కో ప్లాట్ మూలకు పంపుతూ వరస మొత్తం కొలిచాడు. ముందు కట్టుకున్నవాళ్లందరూ తమ 30 అడుగులు లోపల నిండుగా తీసుకొని ప్రహరీ గోడ మందాన్ని పక్కవాడి జాగలోకి జరిపారు. అంగుళం, రెండంగుళాలు, అట్లా జరుగుతూ జరుగుతూ వచ్చి, ఖాళీగా ఉన్న నా ప్లాట్ మీద పడింది. అందుకే మీ ప్లాట్ ఒక్కటే కొలిచేవాణ్ని పిలవకండి. "వరస మొత్తం కొలుస్తవా అన్నా, ఏ రాయి పట్టుకొని మొదలుపెడ్తవ్?" అని ఫోన్‌లోనే అడగండి. ఆ ప్రశ్నకు తడబడేవాడు డాక్యుమెంట్ చూసి గీసేవాడే.

ధర ఎట్లా కడతారో తెలిస్తే బేరం చేయడం తేలిక. సర్వేయర్ గజాల లెక్కన కాదు, రోజు లెక్కన పైసలు చూసుకుంటాడు. మిషన్ కిరాయి, ఇద్దరు ముగ్గురి కూలి, బండి ఖర్చు, ఇంటికి పోయి డ్రాయింగ్ గీసే సమయం, ఇవే ఆయన ఖర్చులు. 200 గజాలైనా 500 గజాలైనా పూట పనే. అందుకే అదే వరసలో కట్టబోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే మనిషికి పడేది బాగా తగ్గుతుంది, పైగా అందరి ముందు కొలిచారు కాబట్టి తర్వాత గెట్టు పంచాయితీ కూడా ఉండదు. పొదలు, తుమ్మచెట్లు ముందు రోజే కొట్టించి పెట్టండి, లేకపోతే మిషన్‌కు చూపు ఆడక రెండో రోజు అడుగుతారు. ఎండాకాలమైతే పొద్దున్నే పిలవండి, మన దగ్గర మే నెల మధ్యాహ్నం నేల మీద గాలి సెగకు కదిలినట్టు కనపడుతుంది, దూరపు ప్రిజం మీద గురి సరిగా కుదరదు. పెద్ద సంస్థ అయితే బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, చెప్పిన రేటు జీఎస్టీతోనా, లేకుండానా ముందే అడగాలి.

రేటు కంటే ముందు మాట్లాడాల్సింది ఏమేం ఇస్తారనేది. ఒట్టి పీడీఎఫ్ తీసుకోవద్దు, క్యాడ్ ఫైల్ (కంప్యూటర్‌లో మార్చుకోగలిగే డ్రాయింగ్) కూడా కావాలని చెప్పండి, ఎందుకంటే ఆ ఫైల్ మీదే మీ ఇంజినీర్ ప్లాన్ గీస్తాడు, లేకపోతే ఆయన మళ్లీ గీసి దానికి వేరే తీసుకుంటాడు. డ్రాయింగ్‌లో నాలుగు పక్కల కొలతలతో పాటు రెండు మూల కొలతలు, అంటే ఐమూలగా కొలిచినవి, ఉండాలి. నాలుగు పక్కలు సరిపోయినా జాగ వంకరగా ఉండొచ్చు, ఆ సంగతి ఐమూల కొలతే పట్టిస్తుంది. రోడ్డు వెడల్పు కనీసం రెండు చోట్ల, కరెంటు స్తంభం, తీగలు, మోరీ, పక్కింటి గోడ ఎక్కడున్నాయో చూపించాలి. తీగల విషయం తేలిగ్గా తీసుకోవద్దు, హైటెన్షన్ లైన్‌కు 3 మీటర్లు, మామూలు లైన్‌కు 1.5 మీటర్లు దూరం ఉండాలి. రోడ్డు మట్టానికి మీ జాగ మూలలు ఎంత పైన, ఎంత కింద ఉన్నాయో కూడా అదే రోజు తీయించండి, మిషన్ ఎట్లాగూ అక్కడే ఉంటుంది, వేరే రోజు అడిగితేనే వేరే ఖర్చు. 2020 ఆగస్టు వానలప్పుడు హన్మకొండలో ఎన్ని కాలనీలు మునిగాయో చూసినవాళ్లకు బేస్‌మెంట్ ఎంత లేపాలో వేరే చెప్పక్కర్లేదు. చివరిగా, ప్లాన్ వచ్చాక పునాది మార్కింగ్‌కు మళ్లీ వచ్చే ఖర్చు కూడా మొదటి బేరంలోనే కలిపేయండి. నేను కలపలేదు, అందుకే ఆ 2,000 విడిగా కట్టా.

ప్రైవేటు సర్వేయర్ చెప్పింది పక్కవాడు ఒప్పుకోకపోతే? అప్పుడు సర్కారు సర్వే. మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు చూపించమని అడిగేది) పెట్టి ఫీజు కడితే మండల సర్వేయర్ వస్తాడు, పక్క పట్టాదారులకు నోటీసులు పోతాయి, టిప్పన్ (సర్వే నంబర్ కొలతల పటం), నక్షా (ఊరి పటం) పట్టుకొని సర్వే నంబర్ హద్దులు చూపించి పంచనామా రాస్తాడు. ఆయన చూపించేది సర్వే నంబర్ హద్దు, మీ లేఅవుట్‌లో 14వ ప్లాటా 15వ ప్లాటా అన్నది ఆయన పని కాదు. చాలామంది ఇది తెలియక నెలల తరబడి ఎదురుచూసి, ఆయన వచ్చి సర్వే నంబర్ మూల రాయి చూపించి పోతే మొత్తుకుంటారు. లేఅవుట్ ప్లాట్‌కు టోటల్ స్టేషన్ సర్వే చాలు. వ్యవసాయ భూమిలోంచి గుంటల లెక్కన కొన్నది అయితేనే ఈ సర్కారు సర్వే తప్పదు, గుంటకు 121 గజాల లెక్కన కాగితం మీద ఎంత, మోక మీద ఎంత అన్నది తేలాలి, నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని ఇళ్ల జాగగా మార్చడం) కూడా కావాలి. 2025 ఏప్రిల్ నుంచి భూ భారతి చట్టం వచ్చింది, సర్వేయర్లు సరిపోవడం లేదని లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి తీసుకున్నారు, మండల ఆఫీసులో వాళ్ల గురించి అడగండి. వరి నాట్లు పడ్డాక ఎవరూ పొలంలో దిగి కొలవరు, యాసంగి కోతలైన తర్వాత వచ్చేటట్టు దరఖాస్తు పెట్టుకోండి. రసీదు ఉన్న ఫీజుకు మించి ఎవరైనా చేయి చాపితే 1064 నంబర్ ఉంది, ఏసీబీది, అంటే అవినీతి నిరోధక శాఖది.

చెరువు పక్కన ఉన్న జాగలకు లెక్క మారుతుంది. మనది కాకతీయుల గొలుసుకట్టు చెరువుల ఊరు, ఎటు పోయినా ఏదో ఒక చెరువు, కుంట, దాన్నుంచి పోయే వాగు తగులుతుంది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు (నీటి కాలువకు) 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. ఆ ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేల్చాల్సింది నీటిపారుదల శాఖ, రెవెన్యూ కలిసి. మీరు ప్రైవేటుగా ఎంత మంచి మిషన్‌తో కొలిపించినా "నీళ్లు అక్కడిదాకా రావు" అని మీ సర్వేయర్ రాసిచ్చే కాగితానికి విలువ లేదు. కాబట్టి ముందు ఆ రెండు ఆఫీసుల్లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) సంగతి తేల్చుకోండి, అది వచ్చేదాకా ఇంకే సర్వేకూ పైసలు పెట్టొద్దు. శిఖం (చెరువు లోపలి) భూమి అని పహాణీలో (రెవెన్యూ రికార్డులో) పాత ఎంట్రీ కనిపిస్తే మాత్రం సర్వే కాదు, వెనక్కి తిరిగి రావడమే మంచిది.

ఖిలా వరంగల్‌లో, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఇల్లున్నవాళ్లకు ఇంకోటి. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడానికి వీల్లేదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా జాతీయ కట్టడాల అథారిటీ ఎన్‌ఓసీ ఉండాలి. దూరం కొలిచేది గుడి గోడ నుంచి కాదు, పురావస్తు శాఖ రక్షిత ప్రదేశంగా ప్రకటించిన హద్దు నుంచి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గుడి మీద వేలు పెట్టి "130 మీటర్లుంది, మనకేం కాదు" అనుకోవద్దు. కాజీపేటలో రైలు పట్టాల పక్కనైతే రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల నియమం ఉంది, దానికీ అంతే, ముందు రైల్వే వాళ్ల మాట, తర్వాత మన ఖర్చు.

ఇక మట్టి పరీక్ష. అపార్ట్‌మెంట్లకు, ఎత్తయిన భవనాలకు దీని గురించి చర్చ అక్కర్లేదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ అది లేకుండా సంతకం పెట్టడు, పెట్టేవాడైతే ఆయన్ని మార్చండి. ఒకటి రెండు అంతస్తుల ఇంటికి మాత్రం బోర్ వేసి చేసే పరీక్ష అందరికీ అవసరం లేదు, దానికి బోర్ ఎన్ని, ఎంత లోతు, మిషన్ తెచ్చిన ఖర్చు, ల్యాబ్ ఖర్చు అని నాలుగు రకాలుగా బిల్లు వేస్తారు. మేము సంపు తవ్వడానికి వచ్చిన జేసీబీతోనే రెండు మూలల్లో ఆరడుగుల గుంతలు తీయించాం. పైన నాలుగడుగులు నల్లరేగడి, కింద ఎర్ర మొరం. ఇంజినీర్ గుంతలోకి దిగి చేత్తో పిసికి చూసి పునాది మొరంలోకి దింపాలన్నాడు, దాంతో అయిపోయింది. జేసీబీ గంట కిరాయి తప్ప ఇంకేం పోలేదు. కానీ గుంతలో ఎంత లోతుకు పోయినా నల్లరేగడే వస్తున్నా, జాగ పాత కుంట పూడ్చింది అని ఊరివాళ్లు చెప్తున్నా, ఒక మూల రాయి తగిలి ఇంకో మూల మెత్తగా ఉన్నా అక్కడ కక్కుర్తి పడొద్దు. వరంగల్ నేలలో ఈ రాయి, మెత్త మట్టి పక్కపక్కనే ఉండటం మామూలే, సగం ఇల్లు బండ మీద, సగం మట్టి మీద కూర్చుంటే గోడ ఎక్కడ చీలుతుందో వేరే చెప్పాలా. ఎన్‌ఐటీ వరంగల్ సివిల్ విభాగంలాంటి చోట్ల, మంచి ల్యాబ్‌లలో మట్టి పరీక్షలు చేస్తారు, నివేదికలో మట్టి ఎంత బరువు మోస్తుంది, తడిస్తే ఎంత ఉబ్బుతుంది అన్న రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. నల్లరేగడికి రెండోదే ముఖ్యం.

ప్లాన్ గీసే ఆఫీసులో "సర్వేతో కలిపి ఇంత" అని ప్యాకేజీ చెప్తే సంబరపడొద్దు. సర్వే అంటే టేపా, మిషనా, ఎవరు వస్తారు, ఫైల్ మీకిస్తారా అని అడగండి. పోర్టల్‌లో అప్‌లోడ్ చేసే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ వేరు, జాగ కొలిచే సర్వేయర్ వేరు, ఈ రెండూ ఒకే మనిషి అనుకోవడం దగ్గరే నా కథ మొదలైంది. డాక్యుమెంట్ కొలత కంటే మోక మీద తక్కువ వస్తే ఆ తక్కువనే ప్లాన్‌లో వేయించండి, డాక్యుమెంట్‌లో ఉంది కదా అని ఎక్కువ వేస్తే ఆ ఎక్కువ జాగ పక్కవాడిది అవుతుంది. మోక మీద ఎక్కువ వచ్చినా సంతోషం వద్దు, పర్మిషన్‌కు డాక్యుమెంట్‌లో ఉన్నంతే లెక్క.

సర్వే అయిన రోజు ఇంకో పని చేయండి, దీనికి ఖర్చు లేదు. నాలుగు మూలలా కడీలు పాతించి, ఎర్ర పెయింట్ వేసి, ఒక్కో కడీ దగ్గర టేపు పరిచి, పక్క జాగల వాళ్లు కనపడేటట్టు ఫోటోలు తీసుకోండి. ప్రహరీ లేచిన తర్వాత ఆ కడీలు కనపడవు. మా కాక ఇప్పటికీ నెలకోసారి వచ్చి ఆ గోడ దగ్గర నిలబడి చూస్తాడు, నేను ఫోన్ తీసి ఫోటో చూపిస్తా, ఆయన చాయ్ తాగి పోతాడు.